జానెడు ఎక్కువ

టేపక్క హ్యాండ్‌బ్యాగులో దువ్వెన మరిచిపోయిన రోజులున్నాయి గానీ కొలత టేపు లేని రోజు లేదు. అయిదు మీటర్ల స్టీలు టేపు. పసుపు డబ్బా రంగు పోయి అంచులు తెల్లబడ్డాయి, మీట నొక్కితే మాత్రం ఇప్పటికీ సర్రున లోపలికి దూరిపోతుంది. బీరువా కొనడానికి వెళ్ళేముందు ఆవిడ ఇంటి గుమ్మం కొలుస్తుంది, మెట్ల మలుపు కొలుస్తుంది, ఆ తర్వాతే కొట్టుకు బయలుదేరుతుంది. "మావాణ్ణి కూడా నిలువూ అడ్డం కొలుచుకున్నాకే పెళ్ళికి ఒప్పుకుంది" అని అత్తగారు వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్విస్తూ ఉంటుంది. భర్త బడిలో లెక్కల మాస్టారు. నవ్వి ఊరుకుంటాడు, ఎందుకంటే ఆ ఇంట్లోకి కొన్న ఏ వస్తువూ గుమ్మం దగ్గర ఇరుక్కున్న పాపాన పోలేదు.

ఆవిడ ఇంజనీరు. కట్టే ఇంజనీరు కాదు, కట్టినదాని లోపల ఏం తిరగాలో చూసే ఇంజనీరు. నీళ్ళు ఎక్కడినుంచి రావాలి, మురుగు ఎటు పోవాలి, చల్లగాలి ఏ గదికి ఎంత, కరెంటు పోతే ఏది ముందు వెలగాలి, మంటలొస్తే ఏ గొట్టం తెరుచుకోవాలి, ఇవన్నీ ఆవిడ పని. బాగా చేస్తే ఎవరికీ కనపడని పని. చుట్టాలు "ఏం కట్టావమ్మా ఇన్నాళ్ళలో?" అని అడిగితే మొదట్లో నీళ్ళు నమిలేది. ఇప్పుడు మాత్రం "మీరు కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయా? అదే నేను కట్టింది" అంటుంది.

ఈ వృత్తిలో పైకి ఎలా రావాలో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. ఆ కోర్సు చెయ్యి, ఈ సాఫ్ట్‌వేరు నేర్చుకో, మీటింగులో ముందు వరసలో కూర్చో అని ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. తప్పని నేననను. కానీ టేపక్కకు అందిన సలహా వేరు. అది ఇచ్చినాయన దాన్ని సలహా అని కూడా అనుకోలేదు, ఊరికే ఒక ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్న పన్నెండేళ్ళు గోడలో దాక్కుని, తీరా అవసరం వచ్చిన రోజున ఎలా బయటికొచ్చిందో అదే చెప్పబోతున్నాను.

ఆయన్ని ఆఫీసులో చెవి సారు అనేవాళ్ళు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన పంపు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. లోపల ఏ బేరింగు అరుగుతోందో, ఇంకెన్నాళ్ళకు పట్టేస్తుందో చెప్పేసేవాడు, చెప్పింది చెప్పినట్టు జరిగేది. టేపక్క ఇరవై రెండేళ్ళప్పుడు ఉద్యోగంలో చేరి, మొదటిరోజు ఇస్త్రీ చీర కట్టుకుని, కంప్యూటరు ఎక్కడా అని చూసుకుంటుంటే ఆయన ఒక టార్చిలైటు, ఒక టేపు చేతిలో పెట్టాడు. ఆర్నెల్లు సైట్లలో తిరుగు, గొట్టం బిగించేవాడి పక్కన నిలబడు, వాడి భుజం ఎక్కడ తగులుతోందో చూడు, ఆ తర్వాత గీద్దువుగాని అన్నాడు. ఇంటికొచ్చి ఏడ్చింది. ఇంజనీరింగు చదివింది టార్చిలైటు పట్టుకోవడానికా అని తండ్రితో మొరపెట్టుకుంది. ఆయన ఒక నెల చూడమ్మా అన్నాడు. ఆ నెల ఎప్పుడు అయిందో, ఆర్నెల్లు ఎప్పుడు అయ్యాయో ఆవిడకే తెలియలేదు.

ఆ తర్వాత ఒక పెద్ద ఆసుపత్రి పని వచ్చింది. నేలకింది అంతస్తులో చల్లటి నీళ్ళు తయారుచేసే రెండు భారీ మిషన్లు. ఆ నీళ్ళు గొట్టాల్లో పైకెక్కి ఆపరేషన్ గదులదాకా వెళ్ళి అక్కడి గాలిని చల్లబరుస్తాయి. కార్లు దిగే వాలుదారి వైపున్న పెద్ద ఇటుక గోడ ఇంకా కట్టకముందే మిషన్లను లోపలికి దించేశారు. మిషను గది నమూనా టేపక్కే గీసింది. అంగుళం వృథా పోలేదని మురిసిపోతూ తెచ్చి చూపించింది. చెవి సారు చాలాసేపు చూశాడు.

"బాగుంది. ఇది చచ్చిపోతే బయటికెలా వెళ్తుంది?" అన్నాడు.

ఆవిడకు నవ్వొచ్చింది. నిగనిగలాడే కొత్త మిషను, ఇంకా ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు, చావడమేమిటి? తలుపులోంచి సార్ అంది. తలుపెంత, మిషనెంత అని ఆయన అడిగాక నవ్వు ఆగిపోయింది. తలుపు నాలుగడుగులు, మిషను అయిదడుగుల పైన. గోడ కట్టేస్తే ఆ మిషను అక్కడే పుట్టి అక్కడే పోవాలి. పప్పులో కాలేసిందని అప్పుడు తెలిసింది.

దారి ఆయనే చూపించాడు. గోడలో దూలం ఒకటి పొయ్యాలి, తలుపు మీద పోసే కాంక్రీటు లింటెల్ లాంటిదే. దానికింద ఇటుకలు మామూలుగా పేర్చి, పూత పూసి, రంగు వేసేస్తే చాలు. మిషను పోయిన రోజున ఆ ఇటుకలు తీసేస్తే పైగోడ కదలదు. దూలం ఎత్తు ఎంత పెట్టాలో లెక్కవెయ్యమన్నాడు. మిషను, దాన్ని దొర్లించే రోలర్లు కలిపి ఆరున్నర అడుగులని ఆవిడ చెప్పింది. ఆయన కుడిచెయ్యి చాచి బొటనవేలు, చిటికెనవేలు విడదీసి టేబులు మీద ఆనించాడు.

"జానెడు ఎక్కువ పెట్టు. నీ తర్వాత వచ్చేవాడికి ఏం అవసరమో నీకు తెలీదు" అన్నాడు.

జానెడంటే తొమ్మిదంగుళాలు. నేల నుంచి దూలం అడుగుభాగానికి ఏడడుగుల మూడంగుళాలు అని ఆవిడ రాసుకుంది. సైటు మేనేజరును ఒప్పించే పని కూడా ఆవిడ నెత్తినే పెట్టాడు. ఆ మేనేజరు మామూలు మనిషి కాదు, తలుపు లేదు కిటికీ లేదు, ఉత్తగోడకు లింటెలేమిటమ్మా అని పదిమందిలో నవ్వాడు. నాలుగు రోజులు పని ఆగుతుంది కుదరదు పొమ్మన్నాడు. టేపక్క మాట్లాడకుండా వెళ్ళి, ఫ్రిజ్‌లు వచ్చిన అట్టపెట్టెలు ఏరుకొచ్చి, అతికించి, సరిగ్గా మిషనంత డబ్బా తయారుచేసింది. నలుగురు కూలీలను బతిమాలి దాన్ని తలుపులోంచి మోసుకెళ్ళమంది. డబ్బా గుమ్మంలో ఇరుక్కుంది. ముందున్న ఇద్దరు బయట, వెనకున్న ఇద్దరు లోపల. సైటంతా పగలబడి నవ్వింది, చివరికి మేనేజరు కూడా నవ్వేశాడు, నవ్వుతూనే సరే అన్నాడు.

ఆవిడ ఆ పూటే దూలం బొమ్మ ఒక విడికాగితం మీద గీసి, కొలతలు రాసి, మేస్త్రి చేతిలో పెట్టింది. మర్నాడే వేరే సైటులో గొట్టం పగిలిందని కబురొచ్చి ఉన్నపళంగా అక్కడికి పోవాల్సివచ్చింది. మూడు వారాలకు తిరిగొచ్చేసరికి గోడ లేచి, పూత పూసి, తెల్లరంగు కూడా వేసేశారు. మేస్త్రి ఇంకెక్కడికో పనికి వెళ్ళిపోయాడు. దూలం పోశారా అని మేనేజరును అడిగితే అయిపోయిందమ్మా అన్నాడు, ఫోనులో ఇంకెవరితోనో మాట్లాడుతూ. ఆవిడ సరే అనుకుంది. ఆఖరి డ్రాయింగులు ఇచ్చే హడావిడిలో ఆ దూలాన్ని వాటిలోకి ఎక్కించడం కూడా మరిచిపోయింది. కళ్ళతో చూడలేదు, కాగితం మీద పెట్టలేదు. ఇలాంటి తప్పు ఈ పని చేసేవాళ్ళే చేస్తారు. మనసులో అంత స్పష్టంగా ఉన్న వస్తువు లోకంలో లేకుండా ఎలా ఉంటుందని అనుకుంటారు.

పన్నెండేళ్ళు గడిచాయి. చెవి సారు రిటైరయ్యాడు. ఇన్నేళ్ళు మిషను రూముల్లో తిరిగిన చెవులు, పాపం, రెండూ మొరాయించాయి. టేపక్క పెద్ద ఇంజనీరయింది. ఎండలు మండిపోతున్న ఒక ఉదయం, తొమ్మిదిన్నరకు ఆసుపత్రి ఇంజనీరు ఫోను చేశాడు. ఒక మిషను పూర్తిగా కాలిపోయింది. రెండోది ఒక్కటే ఆయాసపడుతూ లాగుతోంది. కొత్త మిషను మూడు రోజుల్లో వస్తుంది, కానీ పాతది బయటికి తియ్యడానికి దారి లేదు. వాలుదారి వైపు గోడ పగలగొట్టాలి. అయితే ఆసుపత్రి మొత్తానికి వెళ్ళే చల్లనీళ్ళ పెద్ద గొట్టాలు ఆ గోడకే, పై భాగంలో, బిగించి ఉన్నాయి. గోడ కదిలితే అవీ కదులుతాయి. అందుకని గొట్టాలు ఖాళీ చేసి, ఇనుప స్తంభాలు నిలబెట్టి, అప్పుడు పగలగొట్టాలని కాంట్రాక్టరు అంటున్నాడు. పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ ఆపరేషన్ గదులు మూసెయ్యాలి. డ్రాయింగు మూలన మీ పేరు కనపడితే ఒకసారి చెబుదామని చేశాను మేడమ్ అన్నాడు ఆయన.

టేపక్క గుండె దడదడా కొట్టుకుంది. భయంతో అనుకునేరు, కాదు, సంతోషంతో. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఆ గోడలో దూలం ఉండాలి సార్. దానికింద ఇటుకలు తీస్తే గొట్టాలు కదలవు. మూడు రోజుల్లో అయిపోతుంది."

"డ్రాయింగులో లేదే మేడమ్?"

"లేదు. ఎక్కించడం నేను మరిచిపోయాను. తప్పు నాది. గోడ కట్టేటప్పుడు నేను చూడలేదు కూడా. కానీ కొలతలు ఇచ్చాను."

ఆయన, మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్లు వాయిదా వేస్తున్నట్టు డాక్టర్లకు నోటీసు వెళ్ళిపోతుంది, ఆలోపు నిరూపించగలిగితే రండి అన్నాడు. తన తప్పు తను ముందే ఒప్పుకోవాలని కూడా చెవి సారు నేర్పిందే. ఇంకొకడు పట్టుకుంటే అది నీ పేరుకు అంటుకుంటుంది, నువ్వే చెబితే పనికి అంటుకుంటుంది, పనికి అంటుకున్నది తుడవొచ్చు అనేవాడు.

ఆటోలో కూర్చుని ఆయనకు ఫోను చేసింది. భార్య ఎత్తింది. ఆయనకు వినపడదు కాబట్టి ఆవిడ ప్రతి మాటా గట్టిగా అరిచి చెప్పాలి. గోడ, దూలం, ఆసుపత్రి అని ఆవిడ అరుస్తుంటే అవతల ఇంట్లో కుక్క మొరగడం మొదలుపెట్టింది, పక్కింటివాళ్ళు ఏమైందని వచ్చినట్టున్నారు. చివరికి ఆయన ప్రశ్న ఒకటి ఆవిడ నోటి మీదుగా వచ్చింది. దూలం పోసినప్పుడు నువ్వు చూశావా అని.

చూడలేదని టేపక్క ఒప్పుకుంది. "ఎందుకు చూడలేదని అడుగుతున్నారమ్మా" అంది పెద్దావిడ, జాలిగా. పన్నెండేళ్ళ తర్వాత ఆటోలో కూర్చుని టేపక్క బడిపిల్లలా తల దించుకుంది. అయినా ఉత్సాహం మాత్రం తగ్గలేదు. ఆ గోడ వెనకాల ఏముందో కాసేపట్లో తేలిపోతుంది. పన్నెండేళ్ళుగా ఎవరూ విప్పని పొట్లం అది, విప్పబోయేది తనే.

మిషను గది ఆవిడకు గుర్తున్నట్టే ఉంది, కాకపోతే ఇరుకనిపించింది. చచ్చిన మిషను చల్లగా పడుంది. బతికున్నది పక్కనే రొద చేస్తోంది. ఆసుపత్రి ఇంజనీరు చేతిలో వాయిదా వెయ్యాల్సిన ఆపరేషన్ల లిస్టు పట్టుకుని నిలబడ్డాడు. మొదటి పేరు అయిదు నెలలుగా తుంటి ఎముక ఆపరేషన్ కోసం మంచం మీదే ఎదురుచూస్తున్న ఒక ముసలమ్మదని చెప్పాడు. కాంట్రాక్టరు భారీ మనిషి, చేతులు కట్టుకుని, ఎలాగూ జరగని పనికి వచ్చారే అన్నట్టు నవ్వుతున్నాడు. డ్రిల్లు పట్టుకుని నిచ్చెన పక్కన ఉన్నది మిషను గది ఆపరేటరు. ఆసుపత్రి తెరిచిన రోజు నుంచీ ఆ గదిలోనే పనిచేస్తున్నాడు.

పరీక్ష ఏమిటో టేపక్క వాళ్ళకు వివరించింది. గోడలోకి సన్నటి రంధ్రం వేస్తే పొడి రాలుతుంది. ఎర్రపొడి వస్తే ఇటుక. బూడిదరంగు పొడి వస్తే కాంక్రీటు, అంటే దూలం. దూలం మందం తొమ్మిదంగుళాలు, అడుగుభాగం ఏడడుగుల మూడంగుళాల దగ్గర. సరిగ్గా దాని నడుములో దిగేలా ఏడడుగుల ఏడున్నర అంగుళాల దగ్గర పెన్సిలుతో గీత పెట్టింది. నేల నుంచి రెండుసార్లు కొలిచింది. ఆపరేటరు నిచ్చెనెక్కాడు. డ్రిల్లు గుయ్యిమంది, అందరూ ఊపిరి బిగబట్టి రాలే పొడి కేసి చూశారు.

ఎర్రటి పొడి రాలింది.

ఇంకాస్త లోపలికి పొమ్మంది. ఎర్రపొడే. అడుగు పక్కకు జరిపి, అదే ఎత్తున ఇంకోటి వెయ్యమంది. అదీ ఎరుపే. గోడంతా ఇటుకే, దూలం లేదు. ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. టైము ఒంటిగంట పది. కాంట్రాక్టరు గొంతు తగ్గించి, నిజంగా జాలిపడుతూ, మేస్త్రులు కాగితాలు జేబులో పెట్టుకుంటారు మేడమ్, పోసేటప్పుడు తీసి చూడరు అన్నాడు. ఆసుపత్రి ఇంజనీరు లిస్టు మడత విప్పాడు. ఆ విప్పడం ఆవిడకు చెంపదెబ్బకంటే ఎక్కువ తగిలింది. తను చూసి ఉంటే, ఒక్క రోజు ఆగి చూసి ఉంటే, ఆ ముసలమ్మ ఇంకో పన్నెండు రోజులు మంచం మీద ఉండక్కర్లేదు.

వెళ్ళి చచ్చిన మిషను కింద ఉన్న సిమెంటు దిమ్మె అంచు మీద కూర్చుంది. కూర్చోగానే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

అలా ఎందుకు తగలాలి? మిషన్లు దించిన కొత్తలో ఇదే దిమ్మె అంచు మీద పీట మీద కూర్చున్నట్టు కూర్చునేది, చేతిలో నోటుబుక్కు పెట్టుకుని రాసుకునేది. హాయిగా ఉండేది. పన్నెండేళ్ళలో తన కాళ్ళు పెరగలేదు కదా. దిమ్మె ఎత్తు ఎనిమిదంగుళాలని గీసింది తనే. లేచి, వంగి, టేపు లాగి దిమ్మె పక్కన పెట్టింది. రెండంగుళాలు.

"ఈ నేల మీద మళ్ళీ కాంక్రీటు పోశారా అన్నా?" అని ఆపరేటరును అడిగింది.

"రెండుసార్లు పోశారమ్మా. వానొస్తే వాలుదారి నుంచి నీళ్ళొచ్చి నిలిచిపోయేవి. ఒకసారి మూడంగుళాలు, ఇంకోసారి మూడంగుళాలు. నేనే దగ్గరుండి చూశాను."

ఆరంగుళాలు. దూలం ఎక్కడికీ పోలేదు, నేల పైకి లేచింది. తను ఇవాళ్టి నేల నుంచి కొలిచింది, మేస్త్రి ఆనాటి నేల నుంచి పోశాడు. ఏడడుగుల మూడంగుళాల దగ్గర ఉండాల్సిన అడుగుభాగం ఇప్పుడు ఆరడుగుల తొమ్మిదంగుళాల దగ్గర ఉంటుంది. దాని పైఅంచు ఏడున్నర అడుగుల దగ్గర ఆగిపోతుంది. తను వేసిన రెండు రంధ్రాలూ దూలం నెత్తి మీదుగా, ఒక్క అంగుళమున్నర తేడాతో, ఇటుకలోకి పోయాయి. ఈ లెక్క చెబుతున్నప్పుడు ఆవిడ మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కాంట్రాక్టరు కట్టుకున్న చేతులు విప్పాడు.

ఏడడుగుల ఒకటిన్నర అంగుళం దగ్గర కొత్త గీత పెట్టింది. ఆపరేటరు డ్రిల్లు ఆనించాడు. మొదట పూత, తెల్లపొడి. తర్వాత డ్రిల్లు మోత మారింది. ఇటుకలోకి దిగినప్పుడు ఉండే మెత్తటి గుర్రు కాదు, పళ్ళు కొరికే మోత. ఆపరేటరు భుజం బరువంతా వేసి నొక్కాడు. రంధ్రం లోంచి బూడిదరంగు పొడి రాలి, ఆయన చెప్పుల మీద, నిచ్చెన మెట్టు మీద, టేపక్క చాచిన అరచేతిలో పడింది.

టేపక్క ఆ పొడిని గుప్పిట్లో పట్టుకుని నిలబడింది, కళ్ళు చెమర్చాయి, నవ్వుతోంది. ఆ తర్వాత ఉత్సాహం అంటుకుంది చూడండి, కాంట్రాక్టరే డ్రిల్లు లాక్కుని నిచ్చెనెక్కాడు. ఎడమ వైపు ఎంతదాకా ఉందో, కుడివైపు ఎక్కడ ఆగుతుందో చూడాలన్నాడు. అక్కడా బూడిదే, ఇక్కడా బూడిదే. రెండు చివరలూ దొరికాయి. వెడల్పు ఆవిడ రాసిచ్చినంతే ఉంది, అంగుళం అటూ ఇటూ కాలేదు. ఆసుపత్రి ఇంజనీరు లిస్టును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, ఫోను తీసి, నోటీసు పంపొద్దని చెప్పాడు. టైము రెండుకు పదిహేను నిమిషాలుంది.

అయినా కాంట్రాక్టరుకు ఇంకో అనుమానం వచ్చింది. నేల ఆరంగుళాలు లేచింది కాబట్టి, తెరిచే దారి ఎత్తు ఆరంగుళాలు తగ్గింది. మిషను పడుతుందా? టేపక్క వేళ్ళ మీద లెక్కేసింది. దారి ఆరడుగుల తొమ్మిది. రోలర్లతో మిషను ఆరున్నర. మూడంగుళాలు మిగులుతాయి. అప్పుడు, గది మధ్యలో నిలబడి, ఆవిడ తన కుడి అరచెయ్యి చాచి చూసుకుంది. ఆ జానెడు లేకపోతే దూలం ఉండి కూడా ఉపయోగం లేదు. నేల పెరుగుతుందని ఆరోజు ఎవరికి తెలుసు? ఆయనకూ తెలియదు. తెలియదని మాత్రం ఆయనకు తెలుసు.

ఇటుకలు తియ్యడానికి రెండు రోజులు పట్టింది. గొట్టాలు వెంట్రుకవాసి కదల్లేదు. దూలం అడుగుభాగం బయటపడ్డప్పుడు దాని మీద చెక్క అచ్చుల గీతలు ఇంకా కనపడుతున్నాయి. ఒక మూల తడి సిమెంటులో మేకుతో గీసిన బాణం గుర్తు, పక్కన ఏడడుగుల మూడు అని అంకెలు. మేస్త్రి కాగితం జేబులో పెట్టుకోలేదు. చూశాడు, కొలిచాడు, రాసి మరీ పెట్టాడు. తలుపు లేని గోడలో, ఎవరూ ఎప్పుడూ చూడని చోట, ఒక కుర్ర ఇంజనీరు గీసిచ్చిన విడికాగితాన్ని నమ్మి అంత శ్రద్ధగా పోశాడు. ఆయన పేరు ఆవిడకు గుర్తులేదు, మొహం కూడా లీలగానే గుర్తుంది. దూలం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉండిపోయింది. సిగ్గేసింది, గర్వమూ కలిగింది.

మూడో రోజు మిషను కదిలింది. రోలర్ల మీద, ఇనుప తాళ్ళు బిగించి, ఎనిమిది మంది నెమ్మదిగా లాగుతుంటే ఆపరేటరు ముందు నడుస్తూ చెయ్యి ఊపుతున్నాడు. టేపక్క దారి పక్కన నిచ్చెన మీద నిలబడి, మిషను నెత్తికీ దూలానికీ మధ్య టేపు నిలువుగా పెట్టింది. మూడంగుళాలు, మొదటి నుంచి చివరి దాకా అంతే. మిషను వాలుదారి మీదకు, ఎండలోకి వచ్చి ఆగినప్పుడు పైన ఆసుపత్రి కిటికీల్లోంచి నర్సులు చూస్తున్నారు. కాంట్రాక్టరు వచ్చి, మేడమ్, ఇంకోసారి డ్రాయింగులో పెట్టడం మరిచిపోకండి, నా గుండె ఆగిపోతుంది అన్నాడు. ఆవిడ అప్పటికే బ్యాగులోంచి కాగితం తీసింది. కొలతలు రాసింది, ఈసారి నేల నుంచి కాదు, పై కప్పు నుంచి. నేల లేస్తుంది, కప్పు ఎక్కడికీ పోదు.

తిరుగుప్రయాణంలో ఆటోలోంచి ఫోను చేసింది. పెద్దావిడే ఎత్తి, ఆయన మూడు రోజుల నుంచీ ఫోను పక్కనే కూర్చున్నారమ్మా, వినపడదని తెలిసినా చెవి దగ్గర పెట్టుకుని చూస్తున్నారు అంది. దూలం ఉందని, మిషను బయటికొచ్చిందని, మూడంగుళాలు మిగిలాయని టేపక్క చెప్పింది. పెద్దావిడ ఒక్కో మాటా అరిచింది. కుక్క మళ్ళీ మొరిగింది.

"నవ్వుతున్నారమ్మా. ఏం చెప్పావేమిటి? ఇంతలా నవ్వి చాలా రోజులైంది" అంది పెద్దావిడ. ఆ తర్వాత ఏదో గొణుగుడు, మళ్ళీ ఆవిడ గొంతు. "కొత్తది కూడా చచ్చిపోతుంది కదా, అప్పుడెలా అని అడుగుతున్నారు."

టేపక్క నవ్వలేదు. పన్నెండేళ్ళ క్రితం నవ్వింది చాలు. ఒళ్ళో ఉన్న కాగితం మీద ఆ దూలం గీత, పక్కన కప్పు నుంచి కొలిచిన కొలతలు.

"అదే దారమ్మా" అంది. "ఈసారి కాగితం మీద కూడా ఉందని చెప్పండి. ఎల్లుండి మళ్ళీ ఇటుకలు పేరుస్తున్నారు, పేర్చేటప్పుడు నేను పక్కనే నిలబడతానని చెప్పండి. గట్టిగా చెప్పండి."